తెర ఎవరి ముందు కట్టాలి?

పెళ్ళి ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచేది బ్యాండు మేళం. భోజనాల దగ్గర అందరికన్నా చివర కూర్చునేదీ ఆ మేళమే. ఆదోని, ఎమ్మిగనూరు పక్క పల్లెల్లో మేళం వాయించే మా తండా పిల్లలకూ, ఎరుకల కాలనీ పిల్లలకూ ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. వాయించేటప్పుడు చెవులతో విన్న జనమే, వడ్డించేటప్పుడు కళ్ళతో చూసి పక్కకు జరగమంటారు. ఎందుకిలా? ఒక మనిషి పనిని న్యాయంగా తూచాలంటే ఆ మనిషి ఎవరో తెలిసి ఉండాలా, తెలియకుండా ఉండాలా? ఈ వ్యాసంలో మేము అడగదలచుకున్న ప్రశ్న ఇదే.

ముందుగా మా నేల గురించి రెండు మాటలు. ఆదోని పత్తి మార్కెట్టు ఊరు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. అందుకే మా మాటలోనూ మేళంలోనూ కన్నడం కలిసిపోయి ఉంటుంది. సరిహద్దు దాటితే మన ఎరుకలవారి చుట్టాలు కొరమలు, కొరచలు కనిపిస్తారు. ఉత్తర కర్ణాటకలో కొరమలను భజంత్రి అని కూడా పిలుస్తారు. మేళం వాళ్ళకు తాతల నాటి విద్య. ఇటువైపు కురుబల డొల్లు, గొరవయ్యల డమరుకం, పీర్ల పండుగ తప్పెట వింటూ పెరిగాం. బ్యాండు మాత్రం తెల్లవాళ్ళ పటాలాలతో ఈ దేశానికి వచ్చింది. పటాలాల నుంచి రాజుల కొలువుల్లోకి, అక్కడి నుంచి పెళ్ళి పందిళ్ళలోకి దిగింది. క్లారినెట్టు, ట్రంపెట్టు, సైడ్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, తాళాలు ఉంటే మేళం నిలబడుతుంది. వానలు మొహం చాటేసిన ఏడు గుంటూరు మిరప కోతలకో, బెంగళూరు కట్టడాల పనికో పోయే ఇళ్ళ పిల్లలు ముహూర్తాల నెలల్లో తిరిగొచ్చి మేళంలో నిలబడతారు. ఇప్పుడు డీజే బండ్లు వచ్చి సగం బేరాలు ఎత్తుకుపోయాయి.

ఒక జాతర రోజు జరిగింది చెబుతాం. పొద్దున ఒక పెళ్ళి, మధ్యాహ్నం ఒక ఊరి మెరవణి, సాయంత్రం ఎమ్మిగనూరు వైపు ఒక పల్లెలో తేరు. ఒక్క టెంపోలో మనుషులూ డ్రమ్ములూ కలిసి మూడు చోట్లకు పరుగు. మూడో ఊరికి చేరేసరికి అక్కడ ఇంకో మేళం ఉంది. పట్నం మేళం. ఎర్ర కోట్లు, బంగారు అంచు టోపీలు. మా పిల్లలవి ఇంటి చొక్కాలు, తలకు ఒకే రంగు తువ్వాలలు. పోటీ పెట్టినట్టు ఎవరూ చాటించలేదు. కానీ రెండు మేళాలు ఒకే వీధిలో ఎదురైతే అది పోటీయే. బాగా వాయించిన వాళ్ళకు శాలువా, టెంకాయ, రూపాయలు ఇస్తామని ఊరి పెద్ద ఒకాయన అన్నాడు. అన్నాక మా మేస్త్రీ వైపు తిరిగి, "మీరు ఏమోళ్ళప్పా?" అని అడిగాడు. పట్నం మేళాన్ని ఆ ప్రశ్న అడగలేదు. మా మేస్త్రీ తండా పేరు చెప్పాడు. ఆయన తల ఊపాడు. ఒక్క పాటా వాయించకముందే శాలువా ఎవరికి పోతుందో మాకు తెలిసిపోయింది.

అలాగే పోయింది. కానీ ఆ సాయంత్రం ఇంకొకటి కూడా జరిగింది. ఊరేగింపు మగ్గాల వీధిలోకి తిరిగేటప్పుడు మా క్లారినెట్టు పిల్లవాడు సినిమా పాట ఆపి, శ్రావణంలో మా ఆడపిల్లలు తీజ్ పండుగకు పాడే వరస అందుకున్నాడు. ఎందుకు వాయించావని తర్వాత అడిగితే, ఎట్లాగూ శాలువా రాదు కదా, నాకు ఇష్టమైనది వాయించినా అన్నాడు. ఆ వీధిలో ఒక ముసలాయన గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. ఊరేగింపు చూడటానికి లేవలేదు. మేళం నాలుగిళ్ళు దాటాక బయటికొచ్చి కేకేశాడు.

"అబ్బోడా, ఆ మలుపుకాడ వాయించిన పాట ఏ సినిమాలోదిరా?"

"సినిమాది కాదు తాతా. మా తండాది."

ఆయన కాసేపు ఊరకుండినాడు. ఆ కాసేపు మాకు బాగా తెలిసినదే. ఎక్కడ నిలబడాలో, నీళ్ళు ఎందులో ఇవ్వాలో మనసులో లెక్క చూసుకునే కాసేపు అది. తర్వాత ఆయన అరుగు మీద కూర్చుని, "ఇంగొకసారి వాయించు నాయనా" అన్నాడు. మా పిల్లవాడు వాయించాడు. ఈసారి ఆయన వాడి మొహం చూస్తూనే విన్నాడు.

ఆ రాత్రి టెంపోలో తిరిగి వస్తూ మేము మాట్లాడుకున్నది ఈ ఇద్దరి గురించే. ఊరి పెద్ద చెడ్డవాడని మేము అనుకోలేదు. ఆయన మాకు కూలి ఎగ్గొట్టలేదు, అన్నం పెట్టించాడు. కానీ ఆయన ముందు పేరు విన్నాడు, ఆ తర్వాత పాట విన్నాడు. నేతగాని తాత ముందు పాట విన్నాడు, ఆ తర్వాత పేరు విన్నాడు. ముందువెనుకల్లో ఉన్న ఈ ఒక్క తేడా తీర్పునే మార్చేసింది.

ఈ తేడాను గుర్తించి, దానికొక కట్టుబాటు చేసుకున్న పల్లెలు లోకంలో ఉన్నాయి. ఇంగ్లాండు ఉత్తర భాగంలో ఓల్డ్‌హామ్ అనే ఊరు ఉంది. మన ఆదోనిలాగే పత్తి మీద బతికిన ఊరు. అమెరికా అంతర్యుద్ధం నడిచిన 1861–65 మధ్య అమెరికా పత్తి ఆగిపోతే, ఆ చుట్టుపక్కల మిల్లులు మన దేశపు పత్తి కోసం చేయి చాచాయి. ఆ ఊరి దాపునే సాడిల్‌వర్త్, టేమ్‌సైడ్ ప్రాంతాల పల్లెలున్నాయి. అక్కడ పెంతెకొస్తు తర్వాత వచ్చే శుక్రవారం నాడు బ్యాండు పోటీలు జరుగుతాయి. దాన్ని విట్ ఫ్రైడే అంటారు. ఈ పోటీలు 1884 నుంచి ఉన్నాయి. వాయించేవాళ్ళు ఎక్కువగా పనిపాటలు చేసుకుంటూ తీరిక వేళల్లో నేర్చుకున్నవాళ్ళు. సాయంత్రం ఒక పల్లెలో బస్సు దిగుతారు, వరస కడతారు, వీధి వెంట నడుస్తూ ఒక పాట వాయిస్తారు, చివర నిలబడి పోటీ పాట వాయిస్తారు. వెంటనే బస్సెక్కి ఇంకో పల్లెకు పరుగెత్తుతారు. రాత్రి పొద్దుపోయేలోగా ఎన్ని పల్లెలు అందితే అన్ని. కొన్ని బృందాలు గెలుపు కోసం కాక సరదాకో, ఏదైనా మంచి పనికి చందాలు పోగుచేయడానికో కూడా వస్తాయి. ఒకే రోజు మూడు ఊర్లు తిరిగిన మా టెంపోకు ఆ బస్సులు దూరపు చుట్టాలు.

కానీ అసలు సంగతి న్యాయనిర్ణేత. ఆయన వీధిలో కూర్చోడు. తెరలు వేసిన బండిలోనో, ఒక మేడ గదిలోనో కూర్చుంటాడు. వాయిస్తున్నది పేరున్న బృందమో, మొన్న మొదలుపెట్టిన పిల్లల బృందమో ఆయనకు తెలియదు. చెవికి అందినదాన్ని బట్టి రాస్తాడు. ఆయన మంచివాడు కాడేమోనని ఈ ఏర్పాటు చేయలేదు. మంచివాడికి కూడా కళ్ళుంటాయి, ఆ కళ్ళు చెవుల కన్నా ముందు తీర్పు చెప్పేస్తాయి. అది తెలిసిన జనం చేసుకున్న ఏర్పాటు ఇది.

ఇదే కాలంలో మన వాళ్ళ బతుకు ఎలా ఉందో పక్కన పెట్టి చూడండి. 1871లో తెల్ల ప్రభుత్వం నేరస్త తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవారినీ, కొన్నిచోట్ల లంబాడీలనూ ఆ జాబితాల్లో ఎక్కించారు. ఏ నేరం చేశాడని అడగలేదు, ఎవరికి పుట్టాడని అడిగారు. హాజరు వేయించుకోవాలి. పొరుగూరు పోవాలంటే చీటీ ఉండాలి. ఇంగ్లాండు పల్లెల్లో కూలివాళ్ళ బ్యాండు ఒక్క రాత్రిలో ఊరి వెంట ఊరు తిరిగి, పేరు తెలియని న్యాయనిర్ణేతకు తన పాట వినిపించింది. అదే ప్రభుత్వం కింద ఇక్కడ మన తాతలు పక్క ఊరికి పోవడానికి తమ పేరు చూపించి చీటీ అడిగారు. అక్కడ పేరు తెలియకుండా తీర్పు. ఇక్కడ పేరే తీర్పు.

ఈ కథలో బ్యాండుకు ఇంకో చోటు కూడా ఉంది. సాల్వేషన్ ఆర్మీ, అంటే మనం రక్షణ సైన్యం అనే సంస్థ, పేదల మధ్య సేవకు లండన్‌లో 1865లో మొదలైంది. 1878 నుంచి ఇత్తడి బ్యాండు దాని గుర్తుగా మారింది. వీధుల్లో బ్యాండు వాయించి, ఎవరూ పట్టించుకోని జనాన్ని పిలిచిన సంస్థ అది. ఆ సంస్థ చేతికే బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సెటిల్మెంటు వచ్చింది. 1913 ప్రాంతంలో ఎరుకలవారిని తెచ్చి అక్కడ పెట్టారు. కొందరికి చదువు, భూమి, పని దొరికిన మాట నిజం. హాజరు పుస్తకం ఉన్న మాట కూడా నిజం. దయ చూపినవాళ్ళే కాపలా కాశారు. దయ ఉన్నంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదని మనకు అక్కడ తెలుస్తుంది. నువ్వు ఎవరివో ముందే తేల్చుకుని, ఆ తర్వాత నిన్ను బాగుచేస్తానని వచ్చేది దయ. నువ్వు ఏం చేశావో, ఏం చెబుతున్నావో ముందు వినేది న్యాయం. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ "మీరు ఏమోళ్ళప్పా?" అన్న ప్రశ్న రద్దు కాలేదు.

ఇక్కడ మన యువతకు ఒక మాట. తీర్పు పేరును బట్టి వస్తుందని తెలిశాక, పేరు దాచుకుంటే సరిపోతుంది కదా అని చాలామందికి అనిపిస్తుంది. పట్నం హాస్టల్లో చేరగానే పేరు చివరి నాయక్‌ను కొట్టేసేవాళ్ళను చూశాం. అమ్మ ఫోను చేస్తే గోర్‌బోలీలో మాట్లాడటానికి మేడ మీదికి పోయేవాళ్ళను చూశాం. మేమూ అలా చేసినవాళ్ళమే. వాళ్ళను తప్పుపట్టడానికి మాకు నోరు లేదు. కానీ ఆ ఇంగ్లాండు పల్లెల ఏర్పాటును ఇంకోసారి జాగ్రత్తగా చూడండి. అక్కడ బ్యాండు దాక్కోదు. తన కోటు తొడుక్కుని, తన పేరు రాసిన జెండా పట్టుకుని, నడివీధిలో అందరి ముందూ నడుస్తుంది. ఊరంతా చూస్తుంది, పేరు పెట్టి పిలుస్తుంది, చప్పట్లు కొడుతుంది. తెర వెనుక కూర్చునేది తీర్పు చెప్పేవాడు ఒక్కడే.

మేము చెప్పదలచుకున్నది ఇదే. తెర కట్టాల్సింది తీర్పు చెప్పేవాడి కళ్ళ ముందు. మన ముఖం మీద కాదు. మనం పేరు దాచుకున్నప్పుడు అతని తప్పుకు మనం శిక్ష వేసుకుంటున్నాం. పైగా దాచుకుని గెలిచిన గెలుపు మనల్ని మన ఇంటి నుంచి దూరం చేస్తుంది. ఆ పిల్లవాడు తీజ్ వరసను దాచి సినిమా పాటే వాయించి ఉంటే, నేతగాని తాత మగ్గం దిగి బయటికి వచ్చేవాడే కాదు.

దసరా రాత్రి దేవరగట్టు మీద మాళ మల్లేశ్వరుల బన్ని ఉత్సవం మనందరికీ తెలుసు. దేవుణ్ణి కాచే ఊర్లేవంటే నెరణికి, నెరణికి తండా, కొత్తపేట అని వరసగా చెబుతారు. కర్ర పట్టి దెబ్బలు కాచుకోవాల్సిన చోట తండా పేరు ఊరి పేరు పక్కనే నిలబడుతుంది. అక్కడ దాచాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. శాలువా కప్పే చోట కూడా ఆ పేరు అలాగే నిలబడాలని అడగడం అత్యాశ కాదు.

ఇప్పుడు ఒక ఎదురు ప్రశ్న. కాలేజీల్లో మన పిల్లలను దీనితోనే నిలదీస్తారు. "చూడకుండా తీర్పు చెప్పడమే న్యాయమైతే రిజర్వేషన్ ఎందుకు? అందరికీ తెర కట్టి, మార్కులు చూసి ఇస్తే పోలా?" అంటారు. మంచి ప్రశ్నే. తప్పించుకోకుండా జవాబు చెప్పాలి.

తెర ముఖాన్ని దాస్తుంది. వాయిద్యాన్ని దాచలేదు. మా పిల్లవాడి క్లారినెట్టు మూడు చేతులు మారి వచ్చింది. దాని మీటల కింది మెత్తలు అరిగిపోయి గాలి పోతుంది. ఊపిరి రెండింతలు పెడితే గానీ స్వరం నిలవదు. మిరప కోతలకు పోయిన నాలుగు నెలలు సాధన లేదు. తెర వెనుక కూర్చున్నవాడికి గాలి పోయిన స్వరం వినిపిస్తుంది, గాలి ఎందుకు పోయిందో వినిపించదు. మార్కుల కాగితం కూడా అంతే. మధ్యలో బడి మానేసి అమ్మానాన్నలతో వలసపోయిన నెలలు అందులో కనిపించవు. ఆ బ్యాండు పోటీల వాళ్ళకు కూడా ఇది తెలుసు. అందుకే అక్కడ బృందాలను స్థాయిలుగా విడదీస్తారు, పిల్లల బృందాలకు వేరే బహుమతులు పెడతారు. దాన్ని ఎవరూ అన్యాయం అనరు. మన రాజ్యాంగం 15, 16 అధికరణాల్లో చేసిన పని కూడా ఇలాంటిదే. ముఖం చూసి తక్కువ చేయకూడదు, వాయిద్యం చూడకుండా పోల్చకూడదు. ఈ రెండూ ఒకే న్యాయంలోని రెండు భాగాలు. మొదటిదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని వద్దనేవాళ్ళు సగం న్యాయమే అడుగుతున్నారు.

ఇంతవరకూ ఎదుటివాళ్ళ గురించి చెప్పాం. మన గురించి కూడా చెప్పుకోకపోతే ఈ వ్యాసానికి విలువ ఉండదు. మన బంజారాల్లో ఢాడీలు ఉన్నారు. మన పూర్వుల కథలు పాడి, మనం ఎవరమో మనకు గుర్తుచేసినవాళ్ళు వాళ్ళు. ఢాలియాలు ఉన్నారు. మన పెళ్ళిళ్ళలో డప్పు మోగించినవాళ్ళు. వాళ్ళతో మనం పిల్లను ఇచ్చి పుచ్చుకున్నామా? మన పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకున్నామా? ఊరి పెద్ద మా మేస్త్రీని అడిగిన ప్రశ్నను మన తాతలు ఢాలియాను అడిగారు. మేము చిన్నప్పుడు మా కళ్ళతో చూశాం. ఆ రోజు మేము తల దించుకోలేదు, ఎందుకంటే అది తప్పని మాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. తీజ్ పాటలన్నీ కట్టిందీ, పాడిందీ మన ఆడవాళ్ళే. మరి తండా నసాబులో, అంటే పంచాయితీలో, వాళ్ళ మాట ఎంత వింటున్నాం? తెర కావాల్సిన కళ్ళు మనకు కూడా ఉన్నాయి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో జవాబు పత్రం మీద పిల్లవాడి పేరు ఉండదు. అంటే తెర విలువ మన బడులకు ముందే తెలుసు. కానీ ఏడాదంతా తరగతి గదిలో మాత్రం "ఏ తండారా నీది?" అన్న తర్వాతే పాఠం చెప్పమంటాం. ఈసారి మీ బడిలో పాటల పోటీయో, డప్పు పోటీయో పెట్టినప్పుడు ఒక చీర తెచ్చి గదికి అడ్డంగా కట్టండి. తీర్పు చెప్పే పెద్దలను చీరకు అటువైపు కూర్చోబెట్టండి. పిల్లలు మాత్రం బడి అంతటి ముందూ నిలబడి పాడాలి. పోటీ అయ్యాక, బహుమతులు చెప్పాక, చీర తీసేయండి. గెలిచిన పిల్లను తన పేరు, తన తండా పేరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో గట్టిగా చెప్పమనండి. చెప్పాక మళ్ళీ ఒకసారి పాడమనండి. ఈసారి అందరూ తన మొహం చూస్తూ వినాలి.

ఆ రెండోసారి పాట ముఖ్యం. ఎందుకంటే తెర ఎల్లకాలం ఉండేది కాదు. బతుకంతా చీర కట్టుకుని ఎవరూ తిరగలేరు. పెళ్ళి పంక్తిలో తెర ఉండదు. అద్దె ఇల్లు అడిగేటప్పుడు ఉండదు. పోలీసు స్టేషనులో ఉండదు. తెర మనకు ఒక అలవాటు మాత్రమే నేర్పుతుంది. ముందు వినడం, తర్వాత అడగడం. ఆ అలవాటు పడినవాడికి చివరికి తెర అక్కరలేదు. మొహం చూస్తూ కూడా వినగలడు.

ఆ మగ్గాల వీధిలో జరిగింది అదే. నేతగాని తాత మొదటిసారి విన్నప్పుడు ఆయనకూ మాకూ మధ్య ఇంటి గోడ ఉంది. అది ఆయన గొప్పతనం కాదు, మగ్గం అక్కడ ఉండబట్టి అలా కుదిరింది. రెండోసారి గోడ లేదు. మేము ఎవరమో తెలిసింది. ఒక్క క్షణం ఆగాడు. ఆగిన తర్వాత కూడా "ఇంగొకసారి" అన్నాడు. శాలువా తీసుకోలేకపోయామన్న బాధ మా పిల్లవాడికి ఆ మాటతో పోయిందని మేము చెప్పం. శాలువా రావాల్సింది, రాలేదు, అది అన్యాయమే. కానీ ఆ రాత్రి టెంపోలో వాడు ఆ వరసనే మళ్ళీ మళ్ళీ నోటితో కూనిరాగం తీస్తూ కూర్చున్నాడు. వాణ్ణి చూస్తే, ఇక మీదట ఎవరు అడిగినా తండా పేరు గట్టిగానే చెబుతాడని మాకు అనిపించింది.